సమకాలీన కళ, మాట వెంట మాట – 4వ పాఠం: చెంబు ఎప్పుడు రెడీమేడ్ అవుతుంది?

పోయిన పాఠం చివర, ఇంట్లో ఏదో ఒక వస్తువును స్టూలు మీద పెట్టి పది నిమిషాలు చూడమన్నాను కదా. నేనూ చూశాను. విజయనగరంలో మా ఇంటి వసారాలో, నాయనమ్మ కాలంనాటి బుడితి (శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడి పనికి పేరున్న ఊరు) ఇత్తడి చెంబును స్టూలెక్కించి ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. నాలుగు నిమిషాలైనా కాలేదు, మా అత్త వచ్చింది. "ఏట్రా, ఖాళీ చెంబు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నావు? శకునం మంచిది కాదు" అంటూ నిండా నీళ్లు పోసి వెళ్లిపోయింది.

ఈ వారం మాట రెడీమేడ్. నా ప్రయోగం ఎక్కడ బెడిసికొట్టిందో పట్టుకుంటే ఆ మాట సగం వచ్చినట్టే.

1917లో న్యూయార్క్‌లో ఒక కళా ప్రదర్శన పెట్టారు. ఆరు డాలర్లు కట్టిన ఎవరి పనైనా చూపిస్తామన్నది వాళ్ల నియమం. ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ దుషాంప్ ఒక ప్లంబింగ్ సామాన్ల షాపులో దొరికే పింగాణీ తొట్టిని, అదే మగవాళ్ల మూత్రశాలల్లో గోడకు బిగించేదాన్ని, వెల్లకిలా పడుకోబెట్టి, 'ఆర్. మట్ 1917' అని దొంగ సంతకం పెట్టి, 'ఫౌంటెన్' అని పేరు పెట్టి పంపించాడు. డబ్బు కట్టినా నిర్వాహకులు దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. ఆ నిర్వాహకుల్లో దుషాంప్ కూడా ఒకడు! ఆయన రాజీనామా చేసి బయటికొచ్చేశాడు. అసలు తొట్టి తర్వాత ఎటుపోయిందో పోయింది. మిగిలింది ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో. ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నవన్నీ తర్వాత చేయించిన నకళ్లే.

సంతకం గొడవ పక్కన పెట్టి, ఆ తొట్టికి ఏం జరిగిందో చూడండి. వెల్లకిలా పడుకోబెట్టడంతో దాని పని పోయింది. కొత్త పేరు వచ్చింది. షాపులోంచి ప్రదర్శనకు చేరాల్సిన వస్తువైంది. చేత్తో చేసిందేమీ లేదు, ఎంచుకోవడమే పని. ఇలా ఎంచుకుని కళగా పెట్టిన మామూలు వస్తువే రెడీమేడ్.

ఇప్పుడు నా చెంబు సంగతి. అది చెంబుగానే ఉంది కాబట్టే అత్తకు నీళ్లు పొయ్యబుద్ధయింది. రెండో తప్పు ఇంకా పెద్దది, నాకే ఆలస్యంగా తట్టింది. రెడీమేడ్‌కు ఎంచుకునేది ఫ్యాక్టరీలో ఒకేలా వందలు వేలు తయారయ్యే సరుకు. బుడితి చెంబు కంచరి చేతిలో తయారైంది, ఒకదానిలా ఇంకోటి ఉండదు. పైగా దాన్ని చూస్తే నాకు నాయనమ్మ గుర్తొస్తుంది. దుషాంప్ అయితే అందమూ అనిపించని, అసహ్యమూ అనిపించని వస్తువునే వెతుక్కునేవాడు. బజారు స్టీలు గ్లాసు పెట్టి ఉంటే కొంత నయం.

స్టీలు అన్నాం కాబట్టి సుబోధ్ గుప్తా. బీహార్‌లో పుట్టిన ఈయన పెళ్లి సారెలో వచ్చేలాంటి గిన్నెలు, బకెట్లు, టిఫిన్ క్యారియర్లు కలిపి పెద్ద పెద్ద శిల్పాలు కడతాడు. 2006లో చేసిన 'వెరీ హంగ్రీ గాడ్' గిన్నెలతో కట్టిన భారీ పుర్రె. ఇలా రకరకాల వస్తువులు అతికి ఒకటిగా కడితే అసెంబ్లేజ్. అవే గిన్నెలు గదంతా పరిచి, మనం మధ్యలోంచి నడిచి చూసేలా అమరిస్తే ఇన్‌స్టలేషన్. తేడా అంతే, ఎక్కువ ఆలోచించొద్దు.

కాన్సెప్చువల్ ఆర్ట్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇందులో వస్తువు కన్నా ఆలోచన ముందు. జోసెఫ్ కొసుత్ 1965లో ఒక కుర్చీ, ఆ కుర్చీ ఫొటో, నిఘంటువులో కుర్చీ అర్థం పక్కపక్కన పెట్టాడు. మూడింటిలో కుర్చీ ఏది? 2019లో మౌరిజియో కాటెలాన్ గోడకు టేపుతో అరటిపండు అంటించాడు. కొన్నవాళ్లకు దక్కేది పండు కాదు, సర్టిఫికెట్టూ దాన్ని ఎలా అంటించాలో చెప్పే కాగితాలూ. పండు కుళ్లితే ఇంకోటి తెచ్చి పెట్టుకోవచ్చు. 2024లో వేలంలో అది 62 లక్షల డాలర్లకు పోయింది. ఆ ధర నాకు మింగుడుపడదు, ఆలోచన మాత్రం పడుతుంది.

మన ఊళ్లో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఒకరు లేచి అడుగుతారు: "సార్, సిరిమానూ పెర్ఫార్మెన్స్ ఆర్టే కదా?" పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటే కళాకారుడు జనం ముందు చేసి చూపించే పనే కళ కావడం. సిరిమాను సంగతి చూస్తే, దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరలో, చింతమాను చివర కూర్చున్న పూజారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. ఊరంతా తలెత్తి చూస్తుంది. పైకి చూస్తే పోలికే. కానీ అక్కడ అరటిపళ్లు విసిరేవాళ్లు ప్రేక్షకులు కాదు, పైడితల్లికి మొక్కుకున్నవాళ్లు. దాన్ని ఆర్ట్ అని ఎవరూ ఎంచి పెట్టలేదు. అందుకే నేను ఆ మాట అక్కడ వాడను. మీరు వాడతానంటే కారణం రాసి తీసుకురండి, వాదించుకుందాం.

ఈ వారం అభ్యాసం: ప్లాస్టిక్ మగ్గు, చీపురు, గ్యాస్ లైటరు లాంటిది ఒకటి తీసుకోండి. దాని పని పోయేలా నిలబెట్టండి. దాని అసలు పేరు రాకుండా ఒక కొత్త పేరు చీటీ మీద రాసి పక్కన పెట్టండి. ఇంట్లో వాళ్లకు ఏమీ చెప్పకండి. మొదట చూసినవాళ్లు ఏమన్నారో అచ్చంగా ఆ మాటల్లోనే రాసుకోండి. దాన్ని తీసుకెళ్లి వాడేసుకుంటే, అదీ రాయండి.