ఇంటి పైపులైను మనమే వేసుకుందాం – 4వ పాఠం: కందకం కుంగకుండా పూడ్చడం

పోయిన పాఠంలో వాలు చూసుకుని, అడుగున నాలుగంగుళాల ఇసుక పరిచి పైపు పెట్టాం. ఇక పూడ్చాలి. చాలామంది ఈ పనిని జేసీబీకి వదిలేస్తారు. అది తవ్విన మట్టంతా ఒక్కసారే లోపలికి నెట్టి, పైన టైరుతో తొక్కించి వెళ్లిపోతుంది. మన నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు నల్లరేగడిలో అలా పూడ్చిన కందకం మృగశిర వానలకే కుంగుతుంది. నీళ్లు నిలుస్తాయి, పైపు జాయింటు వదులవుతుంది.

కారణం తెలిస్తే పని సులువు. నేలలో 100 తట్టల మట్టి తవ్వితే బయట 125, 130 తట్టలవుతుంది. పెరిగింది గాలి. పైగా ఎండాకాలంలో తవ్విన రేగడి పెళ్లలు రాళ్లలా ఒకదాని మీద ఒకటి నిలబడిపోతాయి. పైన చదునుగానే ఉంటుంది, లోపలంతా ఖాళీలు. వాన నీళ్లు దిగాక పెళ్లలు మెత్తబడి ఆ ఖాళీల్లోకి జారతాయి.

“నీళ్లు వదిలితే మట్టి దానంతటదే కూర్చుంటుంది” అని మేస్త్రీలు చెబుతుంటారు. ఇసుకలో అది నిజం, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి కాబట్టి. రేగడిలో ఈ పని అస్సలు చేయకండి. ఆ మట్టి నీళ్లు వదలదు. బురదై ఉబ్బుతుంది, ఎండాక పగుళ్లిస్తుంది.

పూడ్చే ముందు పైపులో నీళ్లు నింపి జాయింట్లు చూడండి. తర్వాత (గోడకు ఆనుకున్న మూడడుగులు తప్ప, దాని సంగతి కింద చెబుతాను) పైపుకు రెండు పక్కలా ఇసుక సమంగా పోస్తూ, పైపు కింది వంపులోకి కర్రతో కూరండి. ఒకపక్కే పోస్తే పైపు జరుగుతుంది. పైపు మీద అడుగు మందం వచ్చేదాకా చేతి దిమ్మిసతోనే, అదీ మెల్లగా కొట్టాలి. అద్దెకు తెచ్చిన దిమ్మిస మిషన్ ఆ తర్వాతే.

ఇక అసలు పని. మొరం దొరికితే మొరమే పోయండి, నేను దానికే ఓటేస్తాను. రేగడే వాడాల్సి వస్తే పెళ్లలన్నీ అంగుళం లోపు చితక్కొట్టండి, పత్తి కట్టె, వేర్లు, ప్లాస్టిక్ ఏరేయండి. ఒక్కో పొర ఆరంగుళాలకు మించొద్దు. పోసి, పరిచి, తడి చూసి, దిమ్మిస కొట్టి, అప్పుడే రెండో పొర.

తడి దగ్గరే పని చెడుతుంది. 1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ చూపించింది ఇదే: ప్రతి మట్టికీ ఒక తడి ఉంటుంది, అన్నే దెబ్బలకు ఆ తడిలోనే అది అన్నిటికన్నా గట్టిగా కూర్చుంటుంది. మనకు ల్యాబ్ అక్కర్లేదు. గుప్పెడు మట్టి పిసకండి. ముద్ద కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలైతే సరిపోయింది. పొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించండి. అరచేతికి అంటుకుంటే ఆరనివ్వండి, తొందరపడొద్దు.

దిమ్మిస దిగబడకుండా పైకి ఎగురుతుంటే ఆ పొర అయినట్టే. అనుమానముంటే సన్నటి ఇనుప చువ్వను చేత్తో గుచ్చి చూడండి. పక్కన తవ్వని నేలలో ఎంత దిగిందో ఇక్కడా దాదాపు అంతే దిగాలి. కందకం అంచుల వెంట మరీ శ్రద్ధగా కొట్టండి, అక్కడే వదులు మిగిలిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. మొరం నింపిన కందకం చుట్టూ ఉన్న రేగడి కన్నా నీళ్లను తొందరగా లాగుతుంది, వాన నీళ్లను నేరుగా ఇంటి పునాది కిందికి తెస్తుంది. అందుకే గోడకు ఆనుకున్న మూడడుగులలో ఇసుక, మొరం వద్దు. అక్కడ కందకం అట్టడుగు నుంచి పైదాకా సరైన తడి ఉన్న రేగడినే పలుచటి పొరలుగా కొట్టి అడ్డుకట్ట వేయండి.

పైన రెండంగుళాల గట్టులా ఉంచి, వాలు గోడకు దూరంగా ఇవ్వండి. చేను మధ్య అయితే చివరి అడుగు పైమట్టే వేయాలి, లేదంటే ఆ చాలులో సోయా సరిగా రాదు.

రెండు పెద్ద వానల తర్వాత దారం లాగి చూడండి. ఎక్కడైనా దిగితే పొడి మట్టి చల్లి వదిలేయకండి. పైన రెండంగుళాలు గీకి, తడిపి, కొత్త మట్టి కలిపి మళ్లీ దిమ్మిస కొట్టండి. వచ్చే పాఠంలో గోడ చుట్టూ వాన నీటి కాలువ తీద్దాం. అప్పటిదాకా మీ మట్టితో ముద్ద పరీక్ష చేస్తూ ఉండండి, చేతికి తడి అంచనా రావాలి.