రెసిస్టివిటీ బొమ్మలో నీలం, బోరులో దుమ్ము: తప్పు ఎక్కడ జరిగింది?

తెలంగాణలో చాలాచోట్ల, రాయలసీమలో కొంతభాగం గ్రానైట్, నైస్ రాళ్ల నేల. ఇక్కడ బోరు పాయింటు చూడటానికి 2డి రెసిస్టివిటీ ఇమేజింగ్ బాగా పనికొస్తుంది. వరుసగా ఇనుప రాడ్లు పాతి నేలలోకి కరెంటు పంపి, లోపలి పొరల నిరోధాన్ని రంగుల బొమ్మగా గీసే పద్ధతి ఇది; బొమ్మలో నీలం అంటే నిరోధం తక్కువ. అయితే సాఫ్ట్‌వేర్‌కు చెడ్డ రీడింగులు ఇచ్చినా అందమైన రంగుల బొమ్మే గీస్తుంది. అందుకే తప్పును ముందు పొలంలో వెతకాలి, ఆ తర్వాతే కంప్యూటర్‌లో.

కరెంటు ఎక్కడం లేదు, మీటరు కాంటాక్ట్ బాలేదంటోంది

వేసవిలో చల్కా నేల పైపొర పొడిపొడిగా ఉంటుంది. రాడ్డు చుట్టూ గాలి సందు ఉండిపోయి మట్టి పట్టుకోదు. సర్వే మొదలుపెట్టే ముందే ప్రతి రాడ్డు కాంటాక్ట్ చూసుకోండి. 2 కిలో ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. 10 దాటితే ఆ రాడ్డు సంగతి తేల్చాకే ముందుకు వెళ్లండి. 10 లీటర్ల బకెట్ నీళ్లలో అర కిలో ఉప్పు కలిపి రాడ్డు మొదట్లో లీటరు పోయండి. పది నిమిషాలు ఆగి, సమ్మెటతో మరో రెండు దెబ్బలు వేసి మళ్లీ చూడండి. అప్పటికీ దిగకపోతే పక్కనే ఇంకో రాడ్డు పాతి, రెండింటినీ వైరుతో కలపండి.

రాడ్డును మరీ లోతుగా దించడమూ తప్పే. రాడ్ల మధ్య దూరంలో ఇరవయ్యో వంతు దాటకూడదు, అంటే 5 మీటర్ల దూరానికి 25 సెంటీమీటర్లు. అడుగున బండ తగిలితే లైనుకు అడ్డంగా ఓ పాతిక సెంటీమీటర్లు జరపండి. అంతమాత్రానికి బొమ్మ చెడదు.

అదే రీడింగు మళ్లీ తీస్తే వేరే అంకె వస్తోంది

తేడా 5 శాతం దాటిందంటే దగ్గర్లో మోటారో, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగో ఉండి ఉంటుంది. కొలవాల్సిన వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులే కాబట్టి 50 హెర్ట్‌జ్ రొద దాన్ని మింగేస్తుంది. త్రీఫేజ్ కరెంటు లేని వేళ సర్వే పెట్టుకోండి. కొలిచే వ్యవధిని 20 మిల్లీసెకన్ల గుణిజంగా పెట్టి, స్టాకింగ్ (ఒకే రీడింగును పలుసార్లు తీసి సగటు కట్టడం) 4 నుంచి 6 వరకు పెంచండి. కరెంటు రాడ్లను, వోల్టేజీ రాడ్లను తారుమారు చేసి కొన్ని రీడింగులు తీయండి. సిద్ధాంతం ప్రకారం రెండూ ఒకటే రావాలి. రానివి పక్కన పెట్టేయండి.

ష్లంబర్జర్ సౌండింగ్‌లో వక్రరేఖ నిటారుగా లేస్తోంది

ష్లంబర్జర్ సౌండింగ్ అంటే ఒకేచోట కరెంటు రాడ్లను దూరం జరుపుతూ లోతుకు కొలవడం. ఆ రీడింగులను లాగ్-లాగ్ కాగితంపై (రెండు వైపులా లాగరిథమ్ కొలతే ఉన్నది) గీస్తే, పొరలు సమతలంగా ఉన్న నేలలో ఈ రేఖ 45 డిగ్రీల కంటే నిటారుగా లేవదు. లేచిందంటే కేబుల్ లీకేజీ కావచ్చు, పొరలు పక్కకు మారుతుండవచ్చు. లీకేజీ తేల్చడం తేలిక: ఒక చివర కరెంటు రాడ్డు నుంచి వైరు తీసి గాలిలో ఉంచి కరెంటు పంపండి. మీటరు సున్నా చూపాలి. చూపకపోతే కేబుల్‌లో తెగిన తొడుగు, తడిసిన రీలు వెతకండి.

ఒకచోట సన్నగా, నిలువుగా నీలం

ముందు చుట్టూ చూడండి. ఇనుప కేసింగ్ ఉన్న పాత బోరు, పాతిన ఇనుప పైపు, ముళ్లకంచె ఇలాగే కనిపిస్తాయి. పీవీసీ కేసింగ్‌తో ఈ బాధ లేదు. కంచెను దాటక తప్పకపోతే లంబంగా దాటండి. దాని పక్కనే సమాంతరంగా లైను వేయొద్దు.

ఆర్‌ఎంఎస్ ఎర్రర్ 20 శాతం దాటింది

ఈ ఎర్రర్ అంటే కొలిచిన రీడింగులకు, సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మ లెక్కకు మధ్య తేడా. ఇటరేషన్లు (లెక్కను మళ్లీ మళ్లీ సరిదిద్దే విడతలు) పెంచి దాన్ని దించాలని చూడకండి, రొదకు కూడా పొరలు పుట్టుకొస్తాయి. చెడ్డ బిందువులు తీసేసి మళ్లీ నడపండి. మొరం కింద బండ ఒక్కసారిగా మొదలయ్యే నేలకు సాఫ్ట్‌వేర్‌లోని రోబస్ట్ పద్ధతి (పొరల మధ్య పదునైన హద్దులు ఉంచేది) మేలు. 48 రాడ్లు, 5 మీటర్ల దూరం అంటే లైను 235 మీటర్లు. దానితో నమ్మదగ్గ లోతు మధ్యలో సుమారు 40 మీటర్లు, అంచుల్లో ఇంకా తక్కువ. ఈ లైను చూపి ఎవరైనా 100 మీటర్ల దగ్గర నీళ్లున్నాయంటే అది కొలిచి చెప్పిన మాట కాదు.

నీలం ఉంది, నీళ్లు లేవు

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. నీలం అంటే నిరోధం తక్కువ, అంతే. బంకమన్నుకూ తక్కువే. గ్రానైట్ నేలల్లో 10–20 ఓమ్-మీటర్లు చాలాసార్లు సుద్దమట్టే, నీరు పట్టిన మొరం తరచుగా 30–100 మధ్య ఉంటుంది, గట్టి బండ 1000 దాటుతుంది. ఊరికో తీరు కాబట్టి ఈ అంకెలను అలాగే వాడేయకండి. వివరాలు తెలిసిన బోరు పక్కగానో, పాత బావి పక్కగానో ఒక లైను వేసి సరిచూసుకోండి. గోడ తెరిచి ఉన్న బావిలో మొరం ఎక్కడ ఆగి బండ ఎక్కడ మొదలైందో కంటితోనే కొలవచ్చు. మందం విషయంలో ఇది తప్పనిసరి. 20 ఓమ్-మీటర్ల పొర 10 మీటర్లున్నా, 10 ఓమ్-మీటర్ల పొర 5 మీటర్లున్నా పైనుంచి కొలతలు దాదాపు ఒకేలా ఉంటాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో చిక్కు వేరు. అక్కడ బంకమన్ను, ఉప్పునీటి ఇసుక రెండూ నీలమే. దగ్గరి బోరు నీటి ఈసీ (విద్యుత్ వాహకత) కొలవండి. 10,000ను ఆ అంకెతో (మైక్రోసీమెన్స్/సెం.మీ.) భాగిస్తే నీటి నిరోధం ఓమ్-మీటర్లలో వస్తుంది. ఐపీ కొలత (కరెంటు ఆపాక నేలలో వోల్టేజీ ఎంత మెల్లగా తగ్గుతుందో చూసేది) కూడా తీస్తే బంకమన్ను, ఇసుక విడదీయడానికి ఆధారం దొరుకుతుంది.

రాతి నేలలో పాయింటు పెట్టాల్సింది పైన పరుచుకున్న నీలపు మడుగు మీద కాదు, తక్కువ నిరోధం బండలోకి లోతుగా దిగిన చోట. అక్కడ మొదటి లైనుకు అడ్డంగా రెండో లైను వేయండి. లైను పక్కన ఉన్న వస్తువు ప్రభావమైతే రెండో దాంట్లో అదే చోట అలా కనిపించదు. 60 మీటర్ల కింద పది సెంటీమీటర్ల పగులును మాత్రం పైనుంచి ఏ లైనూ పట్టుకోలేదు. ఆ మాట డ్రిల్లింగ్‌కు ముందే రైతుకు చెప్పాలి.