చెత్తతో చదువు – 4వ పాఠం: సీసా ఎందుకు కంపు కొట్టింది?

పోయిన పాఠంలో ఎరువు తయారీకి పిల్లలచేత, అడుగున చిల్లులున్న రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో ఎండుటాకులు, పండ్ల తొక్కలు వరసలుగా వేయించాం. చాలా సీసాలు వారం తిరక్కముందే కంపు కొట్టాయి. కొందరు పెద్దవాళ్లు, పిల్లలకు తెలియకుండా, పాతది పారేసి కొత్తది పెట్టేశారు. ఆ పని చేయకండి. చెడిన సీసాకు మందు ఏమిటో పిల్లలే కనిపెట్టాలి. అందుకే పొడి చెత్త పాఠాన్ని వచ్చేసారికి జరుపుతున్నాను.

మొదట ముక్కుకు పని చెప్పండి. సీసాను మొహానికి జానెడు దూరంలో పెట్టి, చేత్తో గాలిని ముక్కువైపు విసురుకోమనండి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇది వద్దు, పెద్దవాళ్లే వాసన చూసి చెప్పాలి. కుళ్లిన గుడ్డు వాసనో పులిసిన వాసనో వస్తే లోపల గాలి ఆడటం లేదు. ముక్కు మండేంత ఘాటు వస్తే అది అమ్మోనియా, అంటే తొక్కలు ఎక్కువై ఆకులు తక్కువయ్యాయి. తడిమట్టి వాసన వస్తే సీసా బాగున్నట్టే. తెల్ల బూజు కనిపిస్తే కంగారు వద్దు, అది తన పని తాను చేసుకుపోతోంది. బూజు పట్టిన సీసాను మాత్రం ఊపనివ్వకండి.

ఇక అసలు తంటా నీళ్లతో. మొక్కకు పోసినట్టు రోజూ గ్లాసుడు నీళ్లు పోయించడం చాలామంది చేసిన పని. పిల్లలకు నీళ్లు పోయడం సరదా, పెద్దలకు వాళ్లు ఏదో చేస్తున్నారన్న తృప్తి. సీసాకు మాత్రం అదే చేటు. పండ్ల తొక్కల్లో ఎక్కువ భాగం నీరే. అవి కుళ్లేకొద్దీ ఆ నీరు బయటికొస్తుంది. దానిమీద మనమూ పోస్తే ముక్కల మధ్య సందులన్నీ నిండిపోతాయి. గాలి పోయే దారి ఉండదు. గాలితో బతికే సూక్ష్మజీవులు వెనకబడి, గాలి అక్కర్లేనివి పుంజుకుంటాయి. కంపు వాటి పనే. కింద చిల్లులున్నాయిగా, కారిపోతుందిలే అనుకోవద్దు: నానిన ఆకు ఒక్కటి అడ్డం పడినా చిల్లు మూసుకుపోతుంది. కంపు పోవాలని సెంటు కొట్టడం, ఫినాయిల్ చల్లడం ఇంకా దండగ.

నీళ్లు చాలాయో లేదో పిడికిలి చెబుతుంది. చేతి తొడుగు వేయించి, మధ్యలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండమనండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే సరి. ధారగా కారితే ఎక్కువ. చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలితే తక్కువ, అప్పుడు రెండు చెంచాల నీళ్లు చిలకరించండి, చాలు.

కంపు కొట్టే సీసాను పాత కాగితంమీద గుమ్మరించండి. ముద్ద కట్టినవి విడదీసి, ఒక గ్లాసు సరుకుకు ఒక గ్లాసు అట్టముక్కలు కలపండి. ఆకులు తడిస్తే ఒకదానికొకటి అతుక్కుంటాయి, అందుకే నా ఓటు అట్టకే. గోరంత ముక్కలుగా చింపాలి, మెరుపు పూత ఉన్నది పనికిరాదు. చిల్లులు పుల్లతో పొడిచి, సరుకును నొక్కకుండా తిరిగి నింపండి. పిల్లలు తప్పకుండా నొక్కుతారు, చూస్తూ ఉండండి. పైన రెండు వేళ్ల మందాన పొడి సరుకు (ఎండుటాకులో అట్టముక్కలో) పరిస్తే పండు ఈగలు రావు. మూతి బిరడాతో కాదు, గుడ్డతో కట్టాలి. తర్వాత సబ్బుతో చేతులు కడిగించండి. ఇకమీదట కొత్తగా వేసేటప్పుడు ఒక గ్లాసు తొక్కలకు రెండు మూడు గ్లాసుల పొడి సరుకు పడాలి.

సాధన: ఈసారి కావాలనే చెడగొట్టాలి. ఒకే సరుకుతో మూడు సీసాలు నింపండి. ఒకటి మామూలుగా ఉంచండి. రెండోదాని చిల్లులు టేపుతో మూసి అర గ్లాసు నీళ్లు పోయండి. మూడోదాంట్లో తొక్కలు ఎండబెట్టి వేయండి, నీళ్లు వద్దు. సరుకు ఎంత ఎత్తుందో మూడు రోజులకోసారి సీసామీద గీత పెట్టి, వాసన, రంగు, ఈగలు రాయించండి, రాయలేనివాళ్లు బొమ్మ వేస్తారు. మూడు వారాలు చేయాలి. ఏది ముందు కుంగుతుందో పిల్లలు మొదటిరోజే చెప్పి, కాగితంమీద పెట్టాలి. జవాబు మీ నోట రాకూడదు.