కినోవాను మొలకెత్తించి తినండి

ధాన్యంలా వండుకునే కినోవా గింజలను నేరుగా ఉడికించుకోవడం కంటే ముందుగా మొలకెత్తించడం మేలని నా గట్టి నమ్మకం. శరీరం సొంతంగా తయారుచేసుకోలేని తొమ్మిది అత్యవసర అమైనో ఆమ్లాలూ (ప్రోటీన్ల భాగాలు) ఉన్న ఈ గింజలో ఫైటిక్ ఆమ్లం కూడా ఉంటుంది. అది ఇనుము, జింకు వంటి ఖనిజాలను పట్టి ఉంచి ఒంటికి సరిగా అందనివ్వదు. మొలకెత్తేటప్పుడు గింజలో చురుకయ్యే ఫైటేజ్ అనే ఎంజైము ఆ ఆమ్లాన్ని కొంతవరకు విడగొడుతుంది కాబట్టి, ఆ ఖనిజాలు మరింత సులువుగా వంటబడతాయి.

గింజల పైపొరలో సపోనిన్లనే చేదు పదార్థాలు ఉంటాయి కనుక, నీటిలో నురగ రావడం ఆగేదాకా చేత్తో రుద్ది కడగడం తప్పనిసరి. తరువాత కొన్ని గంటలు మాత్రమే నానబెట్టి, నీటిని పూర్తిగా వంపేసి, సన్నరంధ్రాల జల్లెడలో పలుచగా పరిచి, రోజుకు రెండు మూడు సార్లు మంచినీటితో తడుపుతూ ఉంటే, ఒకటి రెండు రోజుల్లోనే గింజ అంచున సన్నని తెల్లని తోక బయటికి వస్తుంది. ఇంతకు మించి పెరగనివ్వనవసరం లేదు. జిగురు పట్టినా, పుల్లని వాసన వచ్చినా పారవేయాలి.

ఈ మొలకలు మామూలు కినోవా కంటే త్వరగా ఉడుకుతాయి. సూపుల్లోనూ కూరగాయల సలాడ్లలోనూ చక్కగా కలిసిపోతాయి. బాగా ఆరబెట్టి విసురుకుంటే గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) లేని పిండి సిద్ధమవుతుంది. పచ్చి మొలకల్లో హానికర సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఉన్నందున గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు వీటిని బాగా ఉడికించి మాత్రమే తీసుకోవాలి.