సిరిమాను సెలవు జనవరిలోనే అడిగేయండి

విజయనగరం నుంచి రోజూ రైల్లో విశాఖ వెళ్లి ఉద్యోగం చేసే చెల్లెళ్లకు ఒక మాట. పని అయ్యాక సరదా అనుకుంటే ఆ పని ఎప్పటికీ అవ్వదు. మన ఊరి అమ్మవారు పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం, పండగ మొదలయ్యే తొలేళ్లు ముందు రోజు సోమవారం, ఈ లెక్క ఏటా ఇంతే కాబట్టి కొత్త క్యాలెండర్ రాగానే దసరా తేదీ చూసి ఆ రెండు రోజులకీ సెలవు మెయిల్ పెట్టేయండి. నేను మొదటి ఏడాది మొహమాటపడి చివరి వారంలో అడిగాను. అప్పటికే మా టీంలో ముగ్గురు పెట్టేశారట! గుడికీ కోటకీ మధ్య సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంటే మా అక్క మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నలుగుతూ వీడియో కాల్‌లో చూపించింది, నేనేమో ఎక్సెల్ షీటు ముందు.

కారణం దగ్గర ఒంట్లో బాగోలేదని రాయకండి, అమ్మవారి పండగ అనే రాయండి, అందులో సిగ్గేముంది. మీ పని ఎవరు చూస్తారో, ఏ ఫైలు ఎక్కడుందో రెండు లైన్లు అదే మెయిల్‌లో చేర్చండి. మా మేనేజర్ రెండో ఏడాది మారు మాట్లాడకుండా ఒప్పుకున్నది దానికే. వారం ముందు ఇంకోసారి గుర్తు చేయండి, వాళ్లు మర్చిపోతారు.