సీసా మీది శాతం చూసి కొనండి

మా పర్లాకిమిడిలో వానాకాలం మొదలైతే ఫోన్ ఛార్జరు గుచ్చే చోట పచ్చని చిలుము పడుతుంది. దానిని తుడవడానికి చాలామంది మందుల దుకాణంలో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకుంటారు గాని, అందులో మిగిలినది దాదాపు నీరే కనుక, ఆల్కహాల్ ఆవిరైన తరువాత కూడా ఆ తడి సన్నని సందులలో నిలిచిపోతుంది. నేనూ ఒకసారి అలాగే తుడిచి, వెంటనే కరెంటు ఇచ్చి, ఒక పాత రేడియోను పోగొట్టుకున్నాను. ఈ పనికి 99 శాతం రకమే తగినది. అది జిడ్డును, టంకం వేసినప్పుడు మిగిలే జిగట మరకను కరిగిస్తుంది. చిలుమును మాత్రం కరిగించదు, దానిని మెత్తని బ్రష్‌తో రుద్ది రాల్చవలసిందే.

చర్మంపై క్రిములను చంపడానికి మాత్రం 70 శాతమే మేలు. నీరు ఉండడం వల్ల అది నెమ్మదిగా ఆరుతుంది, క్రిముల ప్రోటీన్లు విరిగిపోవడానికి కూడా ఆ నీరు తోడ్పడుతుంది.

పరిశ్రమలలో ప్రొపిలీన్ అనే వాయువుకు నీటిని చేర్చి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను తయారు చేస్తారు. అచ్చు సిరాలకు, పూతలకు ద్రావణిగా, అసిటోన్ తయారీకి ముడిసరుకుగా వాడతారు. ఇది 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, కానీ సుమారు 12 డిగ్రీలకే దీని ఆవిరి నిప్పు అంటుకోగలదు. కాబట్టి కరెంటు పోయిందని దీపం వెలిగించుకొని, దాని పక్కన సీసా మూత తీయకండి.