ఎదుటి బండి తప్పుతో మన బండి దెబ్బతింటే: నష్టపరిహారానికి దరఖాస్తు విధానం

"ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా, మీలో మీరు మాట్లాడుకోండి." బండి మాత్రమే దెబ్బతిన్న ప్రమాదాల్లో స్టేషన్లో మొదట వినిపించే మాట ఇదే. అది నమ్మి, అవతలివాళ్లు చేతిలో పెట్టిన నాలుగైదు వేలు తీసుకుని షెడ్డుకెళ్తే అసలు బిల్లు అప్పుడు తెలుస్తుంది. నిజానికి మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 165 ప్రకారం గాయాలకే కాదు, ఇతరుల ఆస్తికి జరిగిన నష్టానికీ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టుకు, వెళ్లొచ్చు. కారైనా ఆటో అయినా ఆస్తే.

ముందు ఒక విషయం తేల్చుకోండి. మీకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉండి, నష్టం చిన్నదైతే సొంత కంపెనీలో క్లెయిమ్ చేసుకోవడమే నయం, త్వరగా తేలుతుంది. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల పేరుతో కోత పెట్టని అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగం కోత పడుతుంది, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. ఆ లెక్క వేసుకోండి. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు రాదు. కోత పడిన మేరకు ట్రిబ్యునల్‌లో అడుగుదామనుకుంటే, మీ కంపెనీ ఇచ్చే 'పూర్తి, తుది పరిష్కారం' కాగితం మీద సంతకానికి ముందే లాయరుకు చూపించండి. తర్వాత అవతలి పక్షం ముందుగా బయటికి తీసేది ఆ కాగితమే.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉన్నవాళ్లకు, బండి ఆగిపోతే రోజు గడవని ఆటో, లారీవాళ్లకు ట్రిబ్యునలే దారి. ఇక్కడ అవతలి డ్రైవర్ నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సిందే. అందుకే ఎఫ్ఐఆర్ ముఖ్యం. స్టేషన్లో తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితం, దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

ఎక్కువమంది బోల్తా పడేది బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు దగ్గర, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇచ్చే తనిఖీ నివేదిక. గుద్దిన బండిని పోలీసులు తనిఖీకి పంపుతారు. దెబ్బతిన్న బండిని చాలాసార్లు వదిలేస్తారు. యజమాని కూడా తొందరపడి షెడ్డుకి తోలేస్తాడు. ఆరు నెలల తర్వాత కోర్టులో "ఈ రేడియేటర్ ఆ ప్రమాదంలోనే పోయిందనడానికి రుజువేంటి?" అని అడిగితే చేతిలో షెడ్డు బిల్లు తప్ప ఏమీ ఉండదు. కాబట్టి మీ బండినీ తనిఖీ చేయించమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అడిగి, మీ కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి.

తనిఖీకి మీరూ వెళ్లండి. రిపోర్టులో 'ముందు భాగం దెబ్బతింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మీకు ఒరిగేదేమీ లేదు. బానెట్, ఎడమ హెడ్‌లైట్, రేడియేటర్, ఛాసిస్ వంకర ఇలా విడివిడిగా రాయమని మర్యాదగానే అడగండి. ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదన్న వాక్యం కూడా ఉందో లేదో చూసుకోండి. నష్టం పెద్దదైతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సున్న సర్వేయర్‌తో సొంత ఖర్చు మీద విడిగా అంచనా వేయించండి. రిపేరు ఆ తర్వాతే. ఎస్టిమేట్ కాగితం చాలదు. జీఎస్టీ బిల్లు, డబ్బు కట్టిన రసీదు కావాలి, షెడ్డు యజమానో సర్వేయరో వచ్చి సాక్ష్యం చెప్పాల్సి ఉంటుంది. మార్చిన పాత భాగాల్ని పారేయొద్దు.

మిగతాది పెద్ద కష్టం కాదు. అవతలి డ్రైవర్, యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చి సెక్షన్ 166 కింద పిటిషన్ వేయాలి. మన కోర్టుల్లో దీన్నే ఎం.వి.ఓ.పి. అంటారు. ప్రమాదం ఎక్కడో జరిగినా మీరు ఉండే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఈ నిబంధనను సుప్రీంకోర్టులో సవాలు చేసినవాళ్లున్నారు, కానీ అది చూసుకుని మీరు ఆలస్యం చేయొద్దు. రిపేరు ఖర్చుతో పాటు బండిని లాగించిన కూలీ, బండి నిలిచిన రోజుల ఆదాయం కూడా అడగండి, లెక్కలు చూపగలిగితేనే.

కంపెనీ ఎంతవరకు కడుతుందన్నది అవతలి పాలసీని బట్టి ఉంటుంది. ఆస్తి నష్టానికి సాధారణంగా కార్లకు 7.5 లక్షలు, బైకులకు లక్ష రూపాయల పరిమితి. యజమాని ప్రీమియం తగ్గుతుందని దాన్ని 6,000కే కుదించుకుని ఉంటే మిగతాది అతని దగ్గరే వసూలు చేసుకోవాలి. ఇక గుద్దినవాడు నంబరు దొరక్కుండా పారిపోతే ఈ దారి లేదు. హిట్ అండ్ రన్ పథకం మరణానికి, తీవ్ర గాయాలకే వర్తిస్తుంది.

షెడ్డు దగ్గరో కోర్టు గేటు దగ్గరో "వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇవ్వండి, అంతా మేమే చూసుకుంటాం" అనేవాళ్లకు ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టకండి. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్లకు కూడా బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధమే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. హెల్ప్‌లైన్ 15100. కేసు లోక్ అదాలత్‌కు వెళ్తే అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. చెప్పిన మొత్తం గిట్టుబాటు కాకపోతే ఒప్పుకోనక్కర్లేదు, కేసు తిరిగి ట్రిబ్యునల్‌లోనే నడుస్తుంది.